అమ్మను ‘మీరు’ అన్న పిల్లోడు

(బేతమంగళలో యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన తమ్ముడు “అన్నా, మాకు పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పు” అన్నాడు. అందుకని ఈ సాయంత్రం అంగడి గురించి మాట్లాడతాను. ఈ నెలలో ఫోన్‌లో ఏదో ఒకటి తెప్పించుకున్నవాళ్లు చేతులెత్తండి. సరే, దించండి. ఎత్తనివాళ్లను లెక్కపెట్టడమే సులభంగా ఉంది.

గనులు నడిచిన రోజుల్లో మన బేతమంగళ చెరువు నీళ్లు గొట్టాల్లో కేజీఎఫ్‌కు పోయేవి. ఇప్పుడు మన దుడ్డు ఫోన్లలో బెంగళూరుకు, ఇంకా దూరానికి పోతోంది. 2007లో ఫ్లిప్‌కార్ట్ మొదలైంది ఆ బెంగళూరులోనే. మొదట్లో బ్యాంకు కార్డు ఉన్నవాళ్లే కొనేవాళ్లు. సరుకు చేతికొచ్చాక దుడ్డు ఇచ్చే పద్ధతిని 2010లో తెచ్చాక మనలాంటివాళ్లకూ దారి దొరికింది. 2013లో అమెజాన్ వచ్చింది. ఇప్పుడు మారికుప్పం నుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పనికి పోయే పిల్లలు సీట్లో కూర్చునే చెప్పులు కొంటున్నారు, సబ్బులు కొంటున్నారు.

ధర తక్కువని కొంటున్నాం అంటాం. అది కొంతవరకు నిజమే. నా ఇంట్లో జరిగింది వేరు.

ఒక అంగట్లో అమ్మకు కుక్కర్ కొన్నాను. అంగడి పేరు చెప్పను, అవసరం లేదు. బిల్లు అడిగితే “బిల్లు కావాలంటే ట్యాక్సు పడుతుంది” అన్నాడు. నేనూ తెలివైనవాణ్ణనుకొని వద్దన్నాను. నాలుగో రోజే పిడి ఊడింది. అమ్మతో కలిసి తీసుకెళ్లాను. ఆయన కుక్కర్ వైపు చూడలేదు, మా వైపు చూశాడు. “ఏ వీధి మీది?” అన్నాడు. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో ఇక్కడ కూర్చున్నవాళ్లకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. అంతలో కారు దిగి ఒకాయన వచ్చాడు. “రండి సార్, కూర్చోండి” అని ఆయనకు కుర్చీ వేశారు. మా అమ్మను “ఏయ్ ముసలమ్మా, పక్కకు జరుగు” అన్నారు. చివరికి గోడమీది బోర్డు చూపించారు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

ఆ రాత్రే ఫోన్‌లో ఇంకో కుక్కర్ పెట్టాను. అది వచ్చింది, మూత సొట్ట. బటన్ నొక్కితే మూడో రోజు ఒక పిల్లోడు బండి మీద వచ్చి తీసుకెళ్లాడు. వాడు పోయాక అమ్మ అంది, “ఒరే, ఆ పిల్లోడు నన్ను మీరు అన్నాడురా.” దుడ్డు ఎంత మిగిలిందో ఆమె అడగనే లేదు.

యాకోబు పత్రిక రెండో అధ్యాయం మీకు తెలుసు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాణ్ణి పక్కన నిలబెట్టే సభ గురించి అక్కడ ఉంది. బంగారం తవ్వి తీసిన తాతల మనవళ్లం మనం. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఆ అంగడే గుర్తొస్తుంది. (మన సంఘాల్లోనూ ముందు వరస కుర్చీలు ఎవరివో మనకు తెలుసు. అది ఇంకోసారి.)

ఆన్‌లైన్ వ్యాపారులు మనుషులుగా మనకంటే మంచివాళ్లని కాదు. ఫోన్‌కు మన ముఖం కనిపించదు, అంతే. మన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు పేరుతో అంగట్లోకి రానివ్వకపోవడం కుదరదని పేరు పెట్టి చెబుతుంది. అంగళ్లతో పాటు హోటళ్లు, బావులు, చెరువులు కూడా అందులో ఉన్నాయి. 1950 నుంచీ ఉన్న మాట ఇది. ఇప్పుడు గడప దగ్గర ఆపేవాళ్లు తక్కువ. కానీ వెనక వచ్చినవాళ్లకు ముందు తూకం వేయడం, చిల్లర చేతిలో పెట్టకుండా బల్లమీద విసరడం, ఇవి ఏ చట్టానికీ సులభంగా దొరకవు.

దొరికేవి కొన్ని ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పుడు వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకోననడం కూడా అంతే. గడువు రాయకపోతే 30 రోజులు. అంటే చెడిపోయిన సరుకు విషయంలో ఆ గోడమీది బోర్డుకు విలువ లేదు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దానిపైన ఒక్క రూపాయి అడగకూడదు. 1915కు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. 5 లక్షల రూపాయల దాకా కొన్నవాటికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి ఫీజు లేదు. ఆన్‌లైన్ కంపెనీకి ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా తేల్చాలి. ఇదంతా తెలిశాక నామీద నాకే కోపం వచ్చింది, బిల్లు వద్దన్నది నేనే కదా.

అయినా నా మనసు తొలిచేది ఇంకొకటి. మనం ఫోన్ తీసి తప్పించుకున్నాం. మా అమ్మకు ఫోన్‌లో కొనడం రాదు. పావుకిలో పప్పు, పది రూపాయల నూనె కొనే అవ్వ ఎక్కడికి పోతుంది? అదే అంగడికి పోతుంది, అదే మాట పడుతుంది. గొంతెత్తి అడగగల పిల్లలందరూ వెళ్లిపోయారు గనక ఇప్పుడు ఆమె ఒంటరిది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మా ఇంటికి బియ్యం అప్పుగా ఇచ్చింది మా వీధి చివరి అంగడే. ఏ యాప్ కాదు. ఆ అంగడి మూతపడితే నష్టపోయేది ఆ అవ్వే.

ఇంకో మాట. అంగట్లో అమ్మాయి విసుక్కుందని అంటాం. ఆమె పొద్దున తొమ్మిదింటికి నిలబడింది, రాత్రి తొమ్మిదికీ నిలబడే ఉంది. అంగళ్లలో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, పక్కనున్న తమిళనాడు 2021లో చట్టం మార్చాయి. మన బజారులో ఎన్ని అంగళ్లలో ఆడపిల్లకు ఒక స్టూలు వేసి ఉందో ఈసారి చూడండి. మా అమ్మను మీరు అన్న పిల్లోడి సంగతీ అంతే. వాడు ఎండలో మూటలు మోసుకుంటూ తిరుగుతాడు. అలాంటివాళ్ల కోసం కర్ణాటక 2025లో సంక్షేమ చట్టం చేసింది. అది వాడిదాకా చేరిందా అని అడగాల్సింది మనమే.

పోయిన నెల ఆ అంగడికి మళ్లీ వెళ్లాను. “మీ వీధివాళ్లు ఈ మధ్య రావడం లేదే?” అన్నాడు ఆయన. ఎందుకో చెప్పాను, అమ్మ సంగతి కూడా. ఆయనకు కోపమొచ్చింది, “నేనెప్పుడన్నాను?” అన్నాడు. లోపల తూకం వేస్తున్న అమ్మాయి తల వంచుకొని నవ్వింది. రెండు సామాన్లు కొని బిల్లు అడిగాను. కాసేపు గొణిగి రాసిచ్చాడు, నా పేరు తప్పుగా. అయినా రాశాడు. ఈసారి అమ్మను కూడా తీసుకెళతాను.

మీ ఇంట్లో పెద్దవాళ్లు సామాన్లకు పోయేటప్పుడు మీరూ తోడు పోండి, బిల్లు అడగండి. నాకిచ్చిన సమయం అయిపోయింది. మీలో అంగళ్లలో పనిచేసేవాళ్లు ఉన్నారని తెలుసు. ముందు వాళ్లు మాట్లాడాలి. అక్కా, ఆ వెనక నిలబడ్డావు, కుర్చీ తీసుకొని ముందుకు రా.