సరుకుల కోసం కట్టిన పేట



హాంబర్గ్ జర్మనీలోకెల్లా పెద్ద రేవు. అయినా అక్కడ నిలబడితే సముద్రం కనిపించదు. ఓడలు ఎల్బే నది వెంట వంద కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చి ఆ ఊళ్లో ఆగుతాయి. చూడబోయేవారికి నేను చెప్పేది ఒకటే: చర్చీలూ సరస్సులూ తర్వాత, ముందు గోదాముల పేటకు నడవండి. అక్కడివాళ్లు దాన్ని ష్పైషర్‌ష్టాట్ అంటారు.

కాలువలకు అటూ ఇటూ ఎర్ర ఇటుక గోదాములు అంతస్తుల మీద అంతస్తులుగా బారులు తీరి ఉంటాయి. పైన పచ్చబడిన రాగి కప్పులు. నేల బురద కాబట్టి కొయ్య స్తంభాలు దిగగొట్టి, వాటి మీద గోడలు లేపారు. ప్రతి గోదాముకూ రెండు ముఖాలు: ఒకటి వీధి వైపు, ఒకటి నీటి వైపు. ఓడ నుంచి సరుకు దింపుకున్న పడవలు కాలువలోకి వచ్చి గోడ కింద ఆగేవి. కప్పు అంచున ఉన్న కప్పీల మీంచి తాడు దిగేది, కాఫీ బస్తాలు, మిరియాలు, తేయాకు పెట్టెలు ఏ అంతస్తు కావాలంటే ఆ అంతస్తు తలుపు దాకా పైకి లేచేవి. ఆ కప్పీలు ఇప్పటికీ కనిపిస్తాయి. తల ఎత్తి చూడటం మరవకండి.

ఈ పేట పుట్టుకలో ఒక బాధ కూడా ఉంది. జర్మనీ సుంకాల వ్యవస్థకు బయటే ఉంటూ వచ్చిన హాంబర్గ్, 1888లో అందులో చేరింది. అందుకు ప్రతిఫలంగా, సుంకం కట్టకుండా సరుకు నిలవచేసుకునే స్వేచ్ఛా రేవును సంపాదించుకుంది. దానికి చోటు కోసం 1883 నుంచి ఇళ్లు కూల్చారు. ఇరవై వేల మంది దాకా నిలువనీడ కోల్పోయారు. ఆ అందమైన ఇటుక గోడల ముందు నిలబడినప్పుడు వాళ్లను తలుచుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సరుకును చూసుకునేవాళ్లు క్వార్టియర్స్‌లాయ్‌టె అనే ముఠాలు. తూచడం, నమూనా తీయడం, నాణ్యత చూసి వేరుచేయడం, దాచడం వాళ్ల పని. వ్యాపారి ఎక్కడో ఉండేవాడు, అతని సరుకు మంచిచెడ్డలు వీళ్ల చేతిలో ఉండేవి. అందుకే ఆ వృత్తికి నమ్మకమే పెట్టుబడి.

1943 బాంబుదాడులు నగరాన్ని కాల్చేశాయి. యుద్ధం ముగిసేసరికి ఈ పేటలో దాదాపు సగం పోయింది. వెర్నర్ కాల్‌మోర్గెన్ అనే వాస్తుశిల్పి ఆధ్వర్యంలో 1967 దాకా పునర్నిర్మాణం సాగింది. ఆ తర్వాత కంటైనర్లు వచ్చి గోదాముల పని తగ్గించాయి. 2015లో యునెస్కో ఈ పేటను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పక్కనే ఉన్న చిలీహౌస్ కూడా ఆ జాబితాలో ఉంది. దాని తూర్పు మూల ఓడ ముక్కులా కోసుగా ఉంటుంది.

కాల్‌మోర్గెన్ కట్టిన మరో గోదాము మీదే ఎల్బ్‌ఫిల్‌హార్మొనీ అనే సంగీత మందిరం లేచింది. 2017లో తెరిచారు. కచేరీకి టికెట్టు లేకపోయినా ముప్పై ఏడు మీటర్ల ఎత్తున ఉన్న దాని వసారా మీదికెక్కి రేవంతా చూడవచ్చు.

మనవాళ్లకు ఇంకో చోటు కూడా చెప్పాలి. ఆల్‌స్టర్ సరస్సు ఒడ్డున అట్లాంటిక్ హోటల్. 1942 సెప్టెంబరు 11న, సుభాష్ చంద్రబోస్ హాజరైన సభలో అక్కడ జనగణమనను జాతీయగీతంగా వాయించారు. అంతకు ముందు, 1919లో, ఠాగూర్ మదనపల్లెలో బస చేసినప్పుడే ఆ గీతానికి మార్గరెట్ కజిన్స్ స్వరలిపి రాశారు.

ఆఖరుగా, పాత ఎల్బే సొరంగం. 1911లో తెరిచారు. పొడవు 426 మీటర్లు. నది అడుగున, అవతలి ఒడ్డు ఓడల కార్ఖానాలకు కార్మికులు నడిచి వెళ్లడానికి కట్టింది. గోడల పలకల మీద మట్టిబొమ్మలుగా చేపలూ ఇతర నీటి జీవులూ ఉంటాయి. నడిచేవారు, సైకిలు తొక్కేవారు డబ్బు కట్టక్కరలేదు. అవతలి గట్టున తేలండి, నగరమంతా ఎదురుగా కనిపిస్తుంది.