వెలుగులో ఆలస్యము

కొన్ని పదార్థములు కంటికి కానరాని అతినీలలోహిత కిరణములను గ్రహించి, కంటికి కనిపించు వెలుగును వెదజల్లును. మన యిండ్లలోని ట్యూబు దీపములో గాజుగొట్టము లోపల పూసిన పొడి చేయు పనియు నిదియే. 1852లో స్టోక్సు అను శాస్త్రజ్ఞుడు, ఫ్లోరైటు ఖనిజమునుబట్టి, ఈ గుణమునకు ఫ్లోరెసెన్సు అని పేరిడెను. మనము ప్రతిదీప్తి అనుచున్నాము. పడిన కాంతి ఆగిన పిదపను నిలుచు వెలుగును స్ఫురదీప్తి అందుము.

ఈ రెంటికిని గల భేదము కాలమొక్కటియేనా? కాదు. కర్బన అణువు కాంతిని గ్రహించినపుడు అందలి ఒక ఎలక్ట్రాను పైమెట్టునకు ఎగయును. దాని భ్రమణము తన జంట ఎలక్ట్రాను భ్రమణమునకు ఎదురుగానే యున్నచో, అది వెంటనే దిగివచ్చి వెలుగునిచ్చును. ఇది ప్రతిదీప్తి. ఒక్కొక్కప్పుడు ఆ భ్రమణము తారుమారై, రెండును ఒకే దిక్కునకు తిరుగును. దీనిని త్రికస్థితి యందురు. అచ్చటినుండి దిగుటకు ప్రకృతి నియమములు సులభముగా దారి యీయవు. కర్బన అణువుల స్ఫురదీప్తి ఈ స్థితినుండియే వచ్చునని 1944లో అమెరికాలో లూయిస్, కాషా అనువారు వివరించిరి.

ఆలస్యముగా వచ్చు ఈ వెలుగునకు గండము లెక్కువ. సాధారణ పీడనము వద్ద వాయువులోని అణువు సెకనుకు కొన్ని వందల కోట్ల పర్యాయములు ఇతర అణువులను ఢీకొనును. అందుచే శాస్త్రజ్ఞులు వాయువును పలుచన చేసి, అణువునకు కొంత ఏకాంతము కల్పించి పరీక్షింతురు. ఇందులకు డైఎసిటైలు ఆవిరి మిక్కిలి అనుకూలము. వెన్నకు కమ్మని వాసన నిచ్చు ద్రవ్యములలో నిది యొకటి. దానిపై ఊదాకాంతి పడినపుడు రెండు వెలుగులు పుట్టును. నీలివెలుగు ప్రతిదీప్తి, సెకనులో సుమారు పదికోట్లవ వంతు మాత్రమే నిలుచును. ఆకుపచ్చ వెలుగు స్ఫురదీప్తి. సెకనులో వేయవ వంతునకు మించి నిలుచును. అనగా లక్ష రెట్లకు పైబడిన ఆయుర్దాయము!

ఆ పాత్రలోనికి కొద్దిపాటి గాలి చొరబడినచో ఏమగును? నీలివెలుగు దాదాపు అట్లే యుండును. ఆకుపచ్చ వెలుగు మాత్రము ఆరిపోవును. గాలిలోని ఆక్సిజను సహజముగానే త్రికస్థితిలో నుండును. కనుక తనను తాకిన డైఎసిటైలు అణువు శక్తిని అది సులభముగా హరించును. దీర్ఘకాలము వేచియున్న అణువే దాని చేత చిక్కును.

ఈ బలహీనతయే మనకు పనిముట్టైనది. ఆక్సిజనుచే మందగించు దీప్తిగల రంగును విమాన నమూనాలపై పూసి, గాలి సొరంగములో నుంచి పరీక్షించుచున్నారు. వెలుగు తగ్గినచోట ఆక్సిజను, దానితోపాటు గాలి ఒత్తిడియు, హెచ్చుగా నున్నట్లు గ్రహించుచున్నారు. రెక్కపై ఏ చోట ఎంత ఒత్తిడి పడుచున్నదో ఈ విధముగా ఒక్క చిత్రములోనే చూడగలుగుచున్నాము.