రంగస్థలం నేర్పిన ధైర్యం
(తుమ్మలపల్లెలో చేసిన ప్రసంగ పాఠం)



తుమ్మలపల్లె అనగానే నేడు అందరికీ యురేనియం గని గుర్తుకు వస్తుంది. అయితే ఈ కడప నేలకు మరొక ఖ్యాతి కూడా ఉన్నది. 1885లో ఈ జిల్లాలోని సురభి గ్రామంలో, తోలుబొమ్మలు ఆడించే వనారస కుటుంబం బొమ్మలను పక్కనబెట్టి మనుషులతోనే ‘కీచక వధ’ ప్రదర్శించింది. సురభి నాటక సమాజం అలా ఆరంభమైంది. వాన కరువైన సీమలో కళకు మాత్రం కరువు రాలేదు.

నాటకంతో మనకేమి సంబంధమని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. సంబంధం పాతదే. అదే 1885లో జన్మించిన పిఠాపురం వాసి ఉమర్ అలీషా తెలుగులో నాటకాలు రచించారు. గుంటూరు సీమలోని పొన్నెకల్లులో, పేద దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ప్రజల గొంతుగా మలిచారు. కథకుడు కథ నడుపుతుండగా ఒక వంత హాస్యం, మరొక వంత రాజకీయం చెబుతారు గదా! ఆ మూడు గొంతులతో ఆయన ప్రజానాట్యమండలి వేదికలపై బెంగాల్ కరువును సైతం పల్లెజనానికి వినిపించారు. 1986లో పద్మశ్రీ అందుకున్న ఆ మహనీయుని ఆత్మకథ పేరు ‘పింజారి’. లోకం చిన్నచూపుతో పిలిచిన పేరే పుస్తకానికి శీర్షిక అయింది.

పేరు గురించే మేము ఈనాడు మనవి చేయదలచాము.

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాము. మన పేర్లను చెవికి వినబడినట్లు రాసేవారము. ఖాదర్‌బీ ఒక కాగితంలో కాదరబ్బీ అయ్యేది. మరొక కాగితంలో షేక్ అనే ఇంటిపేరే ఎగిరిపోయేది. మేమూ ముస్లిములమే, అయినా ఆ తప్పు చేశాము. సరిదిద్దమని వచ్చిన ఒక వృద్ధ వితంతువును “రేపు రామ్మా” అని ఎన్నిసార్లు తిప్పి పంపామో లెక్క లేదు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు, ఇంటింటా పెట్టెలు తెరిచి కాగితాలు వెదకుతున్న మనవారిని చూశాము. ఒక్క అక్షరం ఎంత భయాన్ని పుట్టించగలదో అప్పుడు గాని మాకు అర్థం కాలేదు.

ఆ ప్రాయశ్చిత్తంగానే ఈ నాటకం తలపెట్టాము. బ్రెజిల్ దేశస్థుడు అగస్టో బోవాల్ ఒక పద్ధతి నేర్పారు. అన్యాయం జరిగే ఘట్టాన్ని మొదట చూపుతారు. తిరిగి ఆడేటప్పుడు ప్రేక్షకులలో ఎవరైనా “ఆగండి” అని లేచి, పీడితుని పాత్ర తీసుకుని మరోలా నడపవచ్చు. పరదా అక్కరలేదు, ఖర్చు లేదు. పెద్దల అభ్యంతరాన్ని మన్నించి వాద్యాలు మానుకున్నాము. ఇషా నమాజు ముగిసిన తర్వాత, బడి ఆవరణలో, ఒక బల్ల, రెండు కుర్చీలతో ఆడాము. గుమాస్తా వేషం మాదే. వేషమని చెప్పుకోవడమే గాని, అందులో నటన ఏముంది!

మొదటిసారి వితంతువు తలవంచుకుని వెళ్ళిపోయింది. సభ నిశ్శబ్దమైంది. రెండవసారి పదవ తరగతి చదివే ఒక బిడ్డ లేచి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నది.

“సార్, నా పేరు నేను రాసుకోలేదు, మీరే రాసినారు. తప్పు కూడా మీదే. అర్జీ తీసుకోని, తీసుకున్నట్టు రసీదు ఇయ్యండి. కాదంటే ఎందుకు కాదో రాసియ్యండి.”

మేము రాసిపెట్టుకున్న సంభాషణలో దానికి జవాబు లేదు. నోరు పెగల్లేదు. ఆ వృద్ధురాలు మా కళ్ళ ముందు నిలిచింది.

మరునాడు ఉదయం, అభ్యంతరం చెప్పిన పెద్దాయనే కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డారు. ఆయన పేరు నాలుగు కాగితాలలో మూడు రకాలుగా ఉన్నది. కూర్చుని అర్జీ రాశాము. ఆయన వెంట వెళ్ళిన మనవరాలు రసీదు అడిగి తెచ్చింది. పేరు ఇంకా మారలేదు. అయితే అర్జీ ఇచ్చిన తేదీకి సాక్ష్యం ఆయన చేతిలో ఉన్నది. జాప్యమైతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద, అర్జీ ఎంతవరకు వచ్చిందని అడగవచ్చు.

సోదరులారా, ఆశ అంటే అంతా బాగుపడుతుందని కళ్ళు మూసుకుని నమ్మడం కాదు. రేపు కార్యాలయంలో పలకవలసిన మాటను ఈ రాత్రి మనవారి నడుమ ఒకసారి పలికి చూసుకోవడం. ఇక్కడ తడబడితే నవ్వి సరిదిద్దేవారున్నారు, అక్కడ ఉండరు.

కాబట్టి మా విన్నపం ఇది. మీ మీ ఊళ్ళలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేయండి. బిడ్డలను, ముఖ్యంగా ఆడబిడ్డలను, ముందుకు పిలవండి. ఇంటిల్లిపాది కాగితాలు సరిచూసుకోండి. గుమాస్తా వేషానికి మనిషి దొరకకపోతే కబురు పంపండి, మేము వస్తాము. అల్లాహ్ మనందరికీ మేలు చేయుగాక.

ఖుదా హాఫిజ్.