కొత్త కోడలికి భేటింగ్ ఉంది, కొత్త బిడ్డకు ఏముంది?

(ఆదివాసీ యువజన సమావేశంలో ఒక బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



నన్ను బడి గురించి మాట్లాడమన్నారు. పిల్లలు ‘ఇది నా బడి’ అని ఎప్పుడు అంటారు? ఈ ఒక్క ప్రశ్న మీదనే నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

నేను మెస్రం ఇంటి కోడలిని. పెళ్లయిన ఏడాది పుష్య అమావాస్యకు కేస్లాపూర్ వెళ్లాను. మహాపూజ అయ్యాక రాత్రి కొత్త కోడళ్లకు భేటింగ్ చేస్తారని మీకు తెలుసు. తెల్లచీర కట్టుకుని, ముఖం మీద ముసుగు వేసుకుని, పెద్దల వెనక నడిచాను. నాగోబాకు పరిచయం చేశారు. పెద్దల కాళ్లు మొక్కించారు. అప్పటిదాకా నేను ఆ ఇంట్లో వంట చేశాను, నీళ్లు మోశాను. కానీ ఆ రాత్రి తర్వాతనే ‘నేను వీళ్ల మనిషిని’ అనిపించింది. మన పెద్దలకు ఒక సంగతి తెలుసు. మనిషి ఇంట్లోకి వస్తే చాలదు, ‘నువ్వు మా దానివి’ అని నలుగురిలో చెప్పాలి.

మరి జూన్‌లో హాస్టల్‌కు వచ్చే బిడ్డకు మనం ఏం చేస్తున్నాం? తండ్రి రేకు పెట్టె దించి వెళ్లిపోతాడు. మేం పేరు రాసుకుంటాం. ఒక ప్లేటు, ఒక గ్లాసు, ఒక దుప్పటి ఇస్తాం. అంతే. ఆ రాత్రి ఆ బిడ్డ ఎవరి పక్కన పడుకుందో కూడా చూడం.

ఇది ఇతరుల తప్పు అని చెప్పడానికి రాలేదు. నా తప్పే చెబుతాను. నేను కరీంనగర్‌లో బీఈడీ చదివినప్పుడు నా తెలుగు విని తోటివాళ్లు నవ్వేవారు. పాఠం చెప్పడానికి నిలబడితే నోట్లో మాట ఆగిపోయేది. ఆ బాధ నాకు బాగా తెలుసు. అయినా వార్డెన్ అయ్యాక గోడ మీద నేనే రాయించాను, ‘హాస్టల్‌లో తెలుగులోనే మాట్లాడాలి’ అని. పిల్లల మంచికే అనుకున్నాను.

ఆ ఏడాది ఒక కొలాం గూడెం నుంచి ఐదో తరగతి పాప వచ్చింది. కొలామీ తప్ప ఏమీ రాదు. మన గోండు పిల్లలే ఆమె మాట విని నవ్వారు. మనల్ని చూసి ఎవరో నవ్వితే మనకు కోపం వస్తుంది. మనం నవ్వితే మాత్రం అది ఆటలా ఉంటుంది. దండారీకి ఇంటికి వెళ్లిన ఆ పాప మళ్లీ రాలేదు. గూడేనికి వెళ్లాను. పత్తి చేనులో ఉంది, నడుముకు సంచి కట్టుకుని పత్తి ఏరుతోంది. వాళ్ల అమ్మ ఒకే మాట అంది: “అక్కడ మా బిడ్డకు ఎవరూ లేరట మేడం.”

నా హాస్టల్‌లో అప్పుడు వంద మందికి పైగా పిల్లలున్నారు. అందులో ఆ పాపకు ఒక్కరు లేరు. రెండోసారి వెళ్లాను, మూడోసారీ వెళ్లాను. రాలేదు. తిరిగి వచ్చిన రోజే గోడ మీద ఆ రాత తుడిపించాను.

తమ్ముళ్లూ, ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైన తర్వాత మన కష్టాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని మన మధ్య ఉన్నారు. 1943లో అదే మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీ వాచకాలు తయారుచేశారు. బయటి నుంచి పంతుళ్లను తెచ్చి పెట్టవచ్చు కదా? కానీ బిడ్డకు అర్థమయ్యే మాటతో, బిడ్డను ఎరిగిన మనిషితో బడి మొదలుకావాలని అప్పుడే గుర్తించారు. ఎనభై ఏళ్ల కిందట మన గూడెంలో జరిగిన పనిని నేను నా హాస్టల్‌లో మరిచిపోయాను.

ఇంకో మాట. మార్లవాయి గుస్సాడీ గురువు కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆశ్రమ పాఠశాలలో చిన్న ఉద్యోగం చేసిన మనిషి. అంటే బడిలో నల్లబల్ల దగ్గర నిలబడినవాళ్లే గురువులు కారు. మీ హాస్టల్‌లో అన్నం వండే అవ్వకు ఎన్ని పాటలు వచ్చో ఎప్పుడైనా అడిగారా?

మరుసటి జూన్ నుంచి మేం రెండు పనులు మొదలుపెట్టాం. మొదటిది, కొత్త పిల్లల భేటింగ్. దేవుడి తంతును బడిలో ఆడించలేదు. అందులోని బుద్ధిని మాత్రమే తెచ్చుకున్నాం. మొదటి శుక్రవారం సాయంత్రం ఒక్కో కొత్త పాప చేయి ఒక్కో పెద్దమ్మాయి పట్టుకుంటుంది. నల్లా, బాత్రూం, వంటగది అన్నీ చూపిస్తుంది. తర్వాత అందరం కూర్చుంటాం. కొత్త పాప తన పేరు, ఊరు తన భాషలోనే చెబుతుంది. గోండీ, కొలామీ, మరాఠీ, ఏదైనా సరే. పెద్దమ్మాయి దాన్ని తెలుగులో చెబుతుంది. ఏడాదంతా ఆ పాపకు జ్వరం వచ్చినా, ఏడుపు వచ్చినా ముందు తెలియాల్సింది ఈ అక్కకు. గదుల తలుపుల మీద పేర్లు తెలుగులోను, గుంజాల గోండి లిపిలోను రాశాం. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి అది. 2018లో యూనికోడ్‌లో చేరింది, ఇప్పుడు ఫోన్లకు, కంప్యూటర్లకు కూడా తెలిసిన లిపి.

రెండోది శనివారం దర్బార్. నాగోబా జాతరలో దర్బార్ ఎందుకు పెట్టారు? అధికారులు వచ్చి మన మాట వినడానికి. మా దర్బార్‌లో నేను కూడా చాప మీదే కూర్చుంటాను. పిల్లలే ముందు మాట్లాడతారు. ఒక అమ్మాయి పుస్తకంలో రాస్తుంది. వచ్చే శనివారం ముందుగా పాత పేజీ చదవాలి, ఏది అయింది, ఏది కాలేదు అని. మొదటి దర్బార్‌లో వచ్చిన మాటలు రెండు: పప్పు నీళ్లలా ఉంది, బాత్రూం తలుపుకు గడియ లేదు. పప్పు మరునాడే చిక్కబడింది. గడియకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ‘కాలేదు’ అని అందరి ముందు చదివినప్పుడు నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు మంచిదే.

పొరపాటు పడకండి. టీచర్ పోస్టు ఖాళీగా ఉంటే, మోటారు చెడిపోతే, పాటలు పాడితే సరిపోదు. వాటిని అడిగి సాధించుకోవాలి. కానీ తన మాట వింటారని తెలిసిన బిడ్డకే రేపు అడిగే ధైర్యం వస్తుంది.

ఇక మీతో నా పని. చదివి బయటికి వచ్చినవాళ్లు మీరు. మూడే అడుగుతాను.

దండారీ అయ్యాక మీ గూడెంలో హాస్టల్ పిల్లలు ఎందరో లెక్క రాయండి. ఒకే రోజు అందరినీ కలిపి తీసుకొచ్చి దించండి. ఒంటరిగా రావాల్సిన బిడ్డ ఆగిపోతుంది, గుంపులో బిడ్డ వస్తుంది. పత్తి పని పెద్దవాళ్లది అని ఇంట్లో మీరు చెబితే వింటారు.

జూన్‌లో ఒక సాయంత్రం మీరు చదివిన హాస్టల్‌కు వెళ్లండి. వార్డెన్‌ను అడిగి వెళ్లండి. ‘నేను కూడా ఇక్కడే ఏడ్చాను’ అని చిన్నవాళ్లకు చెప్పండి. అది చాలు.

మూడోది, కొలాం బిడ్డ, తోటి బిడ్డ, పర్ధాన్ బిడ్డ మాట్లాడితే నవ్వకండి. నవ్వేవాళ్లను ఆపండి.

ఆ పాప మళ్లీ రాలేదని చెప్పాను. రెండేళ్ల తర్వాత వాళ్ల చెల్లెలు వచ్చింది. భేటింగ్ రోజు తన పేరు కొలామీలో చెప్పింది. ఎవరూ నవ్వలేదు. దండారీకి ఇంటికి వెళ్లింది, తిరిగి వచ్చింది. పెట్టె దించి నాతో అంది, “మేడం, మా అక్కకు కూడా అప్పుడు ఇట్లా చేసుంటే వచ్చేది.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వచ్చే జూన్‌లో మీ ఊరి నుంచి వచ్చే బిడ్డల దగ్గరైనా మనకు జవాబు ఉండాలి.