గోపాలపురం సముద్రపుటొడ్డు

 

పచ్చడి తిని, పంచాంగం విన్నాక మన పిల్లలు అడిగేది ఒకటే: "సముద్రానికి ఎప్పుడు వెళ్దాం?" బరంపురంలో ఉన్న మనకు గోపాలపురం ఎంత దూరం? దాదాపు 16 కిలోమీటర్లు. బస్సుకు టిక్కెట్టుగాని సముద్రానికి టిక్కెట్టు లేదు గదా! షావుకారూ కూలీ, ఒడియావారూ తెలుగువారూ ఒకే ఇసుకలో కూర్చుంటాము.

అయితే ఆ ఒడ్డు సంగతి మనలో ఎందరికి తెలుసు? ఒకప్పుడది రేవు. ఓడలు దూరాన లంగరు వేసేవి. మేకులు లేకుండా తాళ్లతో కుట్టిన మసూలా పడవలలో మనుషులనూ సరుకులనూ కెరటాలు దాటించేవారు. పొట్ట చేతపట్టుకుని రంగూనుకు పోయిన గంజాం జనం ఎందరో ఇక్కడే ఓడ ఎక్కారు. 1936 ఏప్రిల్ 1న గంజాంలో అధికభాగం మద్రాసు రాజధాని నుండి ఒరిస్సాకు వచ్చింది. 1942లో యుద్ధంతో బర్మా దారి మూతపడింది. రేవు పోయినా తెలుగు మాట పోలేదు. ఆ తీరాన చేపలవేటతో బతికే పల్లెలలో నేటికీ మన భాషే వినబడుతుంది.

మనమో, వేరుశనగకాయలు తిని, పొట్టు అక్కడే పోసి వచ్చేస్తాము. వల అల్లుకుంటున్న తాతను పలకరించము. "తాతా, ఈవేళ సముద్రం ఎలా ఉంది?" అని ఒక్కమాట అడిగితే ప్రాణం నిలుస్తుంది. ఉగాది దాటితే దక్షిణపు గాలి ముదురుతుంది, కెరటం పెరుగుతుంది.

పెద్ద కెరటాలు విరిగేచోటే భయమని తలచి, నడుమ నీరు నునుపుగా ఉన్న సందులో పిల్లలను దించుతాము. ఒడ్డెక్కిన నీరు లోనికి మరలేది తరచు ఆ సందులోనుండే. ఆ లాగుడుకు గజ ఈతగాడూ ఆగలేడు. చిక్కినవారు తిన్నగా ఒడ్డుకు ఎదురీదరాదు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక గట్టు చేరాలి. అంత శక్తి లేనివారు తేలుతూ చేయెత్తి కేకవేయాలి. చూసినవారు వెనుక దూకక, తాడో, గాలి నింపిన ట్యూబో విసరి, జాలరులను పిలవాలి.

మాట వింటే కలిగే మేలు మనం కన్నదే. 1999 అక్టోబరు తుపానులో ఒరిస్సాలో వేలమంది పోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. లక్షలాది జనం ముందుగానే ఇళ్లు విడిచి సురక్షిత స్థలాలకు చేరినందున ప్రాణనష్టం ఎంతో తగ్గింది.

కనుక మా సంఘం తరఫున మనవి. పిల్లలను తప్పక తీసుకువెళ్లండి. రంగూను ఓడల కథ చెప్పండి. జాలరి వద్దన్ననాడు మోకాలిలోతు కూడా దిగనీయకండి. తెచ్చిన చెత్తను మూటగట్టి వెనక్కు తెండి. మన పెద్దలు దాటిన ఒడ్డు మన మనుమలకూ ఉచితంగా, శుభ్రంగా మిగలాలి.

సెలవు.