చైను యంత్రాలలో ఫైనల్ డ్రైవు: పోషణ, మరమ్మతు



చెరువుల పూడిక తీయడానికి, చేపల చెరువులు త్రవ్వడానికి, మిట్టపల్లాలు సరిచేయడానికి నేడు మన పల్లెలకు చైను యంత్రాలు వస్తున్నవి. పొక్లెయిన్ అన్నది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. మనవాళ్ళ నోట అదే యంత్రం పేరై కూర్చున్నది. తెలంగాణాలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో చెరువుమట్టి ఎత్తినవి ఇటువంటి యంత్రాలే. అసలీ చైను ట్రాక్టరు పేరు పొందినదే సేద్యము వల్ల. కాలిఫోర్నియాలో స్టాక్టన్ దగ్గరి డెల్టా నేలలు మహా మెత్తనివి. అక్కడ ఆవిరి ట్రాక్టర్ల చక్రాలు దిగబడిపోతుంటే, బెంజమిన్ హోల్ట్ 1904 నవంబరులో చక్రాలు తీసి చైను పట్టాలు తొడిగి నడిపి చూపినాడు.

ఇటువంటి యంత్రాన్ని నలుగురు రైతులు కలిసి అప్పు చేసి కొంటారు. ఇంజనును కంటికి రెప్పలా చూస్తారు. క్రింద బురదలో తిరిగే ఫైనల్ డ్రైవు సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. నేడు దానిని గురించి ముచ్చటించుకుందాము.

ఫైనల్ డ్రైవు అంటే ఏమిటి? చైనును లాగే పళ్ళచక్రం ఉన్నది గదా, దానిని త్రిప్పే చివరి గేర్ల పెట్టె అది. ఇంజను నిమిషానికి సుమారు 2000 చుట్లు తిరుగుతుంది. పెద్ద పొక్లెయిన్‌కు పళ్ళచక్రం ఒక చుట్టు తిరిగితే యంత్రం దాదాపు 4 మీటర్లు కదులుతుంది. గంటకు 3 కిలోమీటర్లు నడవాలంటే చక్రం నిమిషానికి 12, 13 చుట్లు తిరిగితే చాలు. ఈ పెట్టెలోని గేర్లు వేగాన్ని తగ్గించి, ఆ మేరకు బలాన్ని పెంచుతవి. 20 టన్నుల యంత్రాన్ని బురదలోనుంచి ఈడ్చే బలమంతా ఈ పళ్ళ మీదనే పడుతుంది.

తిరిగే హబ్బుకు, తిరగని భాగానికి నడుమ ఫ్లోటింగ్ సీలు ఉంటుంది. అద్దంలా నునుపు చేసిన రెండు ఇనుప రింగులు, వాటి వెనుక రెండు రబ్బరు రింగులు. ఇంతే. లోపలి ఆయిలు బయటికి రాకుండా, బయటి బురద లోపలికి పోకుండా కాపాడేది ఇదే. చక్రం వెనుక నల్లరేగడి మన్ను చేరి ఎండితే రాయిలా బిగుస్తుంది, రబ్బరును ప్రక్కకు నెడుతుంది. గడ్డి, తాడు, తీగ చుట్టుకున్నా అంతే. కనుక సాయంత్రం పని ఆపగానే, తడి ఆరకముందే పారతో మన్ను తీసివేసి నీళ్ళతో కడగవలెను. రోజూ అరగంట పని.

ఇక ఆయిలు. పొక్లెయిన్ వంటి వాటిలో 250 గంటలకొకసారి మట్టం చూడడం మంచి అలవాటు. మార్చడం 1000 నుంచి 2000 గంటల మధ్య. ఖచ్చితమైన లెక్క యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, దానినే పాటించండి. నీటిలో, బురదలో పనిచేసే బండికి ఇంకా ముందే మార్చవచ్చు. బండిని చదునైన నేల మీద నిలిపి, డ్రెయిన్ ప్లగ్గు సరిగ్గా అడుగుకు వచ్చేటట్లు చూసుకోండి. ఆయిలు వేడిగా, ఒత్తిడితో ఉంటుంది. కాబట్టి మట్టం ప్లగ్గును నెమ్మదిగా, ముఖం ప్రక్కకు పెట్టుకుని విప్పండి. ఆయిలు ఆ రంధ్రం క్రింది అంచుదాకా ఉండవలెను.

ఆయిలును చూసి జబ్బు చెప్పవచ్చు. పాలలాగా తెల్లబడితే నీరు చేరినట్లు. మట్టం తగ్గుతుంటే ఫ్లోటింగ్ సీలు కారుతున్నట్లు. హైడ్రాలిక్ మోటారు ఉన్న బండిలో మట్టం పెరుగుతుంటే, మోటారు షాఫ్టు సీలు పోయి హైడ్రాలిక్ ఆయిలు ఇటు వస్తున్నట్లు. ప్లగ్గుకు బూడిదరంగు మెత్తని పొడి అంటితే భయం లేదు. చిన్న పెచ్చులు, ముక్కలు కనబడితే మాత్రం ఆ రోజే బండిని ఆపండి. తీసిన ఆయిలును కాలువలోగాని చెరువులోగాని పోయవద్దు. డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవారికి ఇవ్వండి.

ఇట్లా అనుకోండి. హబ్బు అంచున నూనె తడి ఉన్నదని ఆపరేటరు చెబుతాడు. "సీజను అయినాక చూద్దాంలే" అంటాడు యజమాని. ఆయిలు తగ్గి బేరింగు వేడెక్కుతుంది, పగిలిన ముక్క గేర్ల నడుమ పడుతుంది. ఒక సీలు మార్చితే తీరేదానికి పెట్టె మొత్తం మార్చవలసివస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి. అప్పటికి బండి చెరువు నడుమ ఉంటుంది, పైన వాన మొదలవుతుంది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

ఆపరేటరుకు నాలుగు మాటలు. చైను అతిగా బిగించవద్దు, బేరింగులు అరుగుతవి. బురదలో మన్ను చేరి చైను తనంతట తానే బిగుసుకుంటుంది. కనుక శుభ్రం చేసిన తరువాతనే కొలవండి. దూరం నడిపేటప్పుడు పళ్ళచక్రం వెనుకవైపు ఉండేటట్లు నడపండి. ఊరినుంచి ఊరికి చైను మీద పోవద్దు, ట్రెయిలరు మీద ఎక్కించండి. పళ్ళచక్రం బోల్టులు వదులైనవేమో తరచు చూడండి.

విప్పి కట్టవలసివస్తే షెడ్డులోనే చేయించండి. గట్టు మీద దుమ్ములో తగదు. ముందుగా చైను వదులు చేయాలి. బిగింపు సిలిండరులోని గ్రీజు మహా ఒత్తిడిలో ఉంటుంది. ఆ వాల్వును ఒక చుట్టుకు మించి విప్పితే బందూకు గుండులా ఎగిరివస్తుంది. దానికి ఎదురుగా మనిషి నిలువరాదు, ఇది ప్రాణముల సంగతి. హబ్బు బరువైనది. చేతులతో పట్టవద్దు, చైను బ్లాకు వాడండి.

గేర్లను తీసిన వరుసలోనే గుర్తులు పెట్టి పరచండి. పళ్ళ మీద గుంటలు, పిన్నుల అరుగుదల చూడండి. బేరింగు మార్చితే లోపలి రింగు, బయటి రింగు రెండూ మార్చవలెను. సీలు కూడా జతగానే మార్చాలి, పాతదాని సగం క్రొత్తదాని సగం పనికిరావు. రబ్బరు రింగుకు ఆయిలు తగలనీయవద్దు, తగిలితే జారుతుంది. ఇనుప ముఖాలను శుభ్రమైన గుడ్డతో తుడిచి, వాటికి మాత్రమే పలుచగా ఆయిలు రాయండి. అమర్చిన తరువాత నాలుగు చోట్ల కొలవండి, ఎత్తు సమానంగా ఉండాలి. షిమ్ములు ఉన్న చోట బేరింగు బిగువును పుస్తకం చెప్పినట్లు కొలిచి సరిచేయాలి, చేతి అంచనా చాలదు.

బిగించిన తరువాత ఆయిలు పోసి, ఆ వైపు చైను నేలనుంచి లేపి, దిమ్మెలు పెట్టి, కొంతసేపు నెమ్మదిగా రెండు వైపులా త్రిప్పండి. చప్పుడు, వేడి, కారుడు లేవని తేలినాకనే పనిలో పెట్టండి. మొదటి ఆయిలును త్వరగా మార్చండి. మరమ్మతు తేదీ, గంటలు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి.

ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నారు. అద్దెకు నడిపేవానికి తెలియని నొప్పి, అప్పు కట్టే మీకు తెలుసు. కనుక ఈ సాయంత్రమే టార్చిలైటు పట్టుకుని మీ బండి హబ్బుల అంచులు ఒకసారి తడిమి చూడండి. తడి తగిలితే రేపటి పనికి ముందే మెకానిక్కును పిలవండి.