పన్ను పీకించుకోవాలంటే భయమా?



కమ్మర్‌పల్లిలో పసుపు తవ్వే రోజులు వచ్చాయంటే ఎవరికీ తీరిక ఉండదు. తవ్వాలి. ఉడకబెట్టాలి. ఆరబెట్టాలి. ఇంట్లో బీడీల పని ఉండనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే దవడ పన్ను సలుపుతుంది. పంటి కింద లవంగం పెట్టుకుని రోజులు నెడతారు. "పసుపు అమ్మినాక చూద్దాం" అంటారు.

తీరిక లేదన్నది పైకి చెప్పే మాట. లోపల ఉన్నది భయం. సూది అంటే భయం. పటకారు అంటే భయం.

భయపడటం తప్పు కాదు. సిగ్గుపడే సంగతి కాదు. కాని మీరు ఆగితే పుచ్చు ఆగదు. చీము పడుతుంది. దవడ వాస్తుంది. నోరు తెరవరాకుండా, మింగరాకుండా అయితే ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు ఒక్క పూట కూడా ఆగవద్దు. పెద్ద దవాఖానకు పోవాలి.

నొప్పి వేరు. భయం వేరు. రెండింటికీ మందులు వేరు.

నొప్పికి తిమ్మిరి సూది ఉంది. దీన్ని చిగుళ్లలో ఇస్తారు. ఆ చోటు మొద్దుబారుతుంది. మెలకువ ఉంటుంది. నొక్కినట్టు, లాగినట్టు తెలుస్తుంది. నొప్పి తెలియదు. చాలామందికి ఇది చాలు. "నేను చెయ్యి ఎత్తితే ఆపండి" అని డాక్టరుకు ముందే చెప్పండి. దీనికి పైసా ఖర్చు లేదు. గుండె దడ ఎంతో తగ్గుతుంది.

అయినా భయం పోని వాళ్లు ఉంటారు. వాళ్లకు నాలుగు దారులు ఉన్నాయి.

మొదటిది గాలి. దీని పేరు నైట్రస్ ఆక్సైడ్. ఆక్సిజన్‌తో కలిపి ముక్కుతో పీల్పిస్తారు. మనసు తేలిక పడుతుంది. మాట్లాడితే వినిపిస్తుంది. ఆపిన కొద్ది నిమిషాలకే తేరుకుంటారు. 1844లో అమెరికాలో హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు ఈ గాలి పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. ముక్కు దిబ్బడ ఉంటే ఇది కుదరదు. ఇది అన్ని ఊళ్లలో దొరకదు.

రెండోది గోలి. డాక్టరు చెప్పిన వేళకు వేసుకోవాలి. మగతగా ఉంటుంది. ఆ మగత గంటల తరబడి పోదు. పక్కింటి వాళ్ల గోలి అడిగి వేసుకోవద్దు.

మూడోది నరానికి ఇచ్చే మత్తు సూది. ఇది బాగా పనిచేస్తుంది. కాని మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది. కాబట్టి నేర్చినవాళ్లే ఇవ్వాలి. వేలికి పెట్టి చూసే యంత్రం, ఆక్సిజన్ దగ్గర ఉండాలి.

నాలుగోది పూర్తి మత్తు. ఒళ్లు తెలియదు. ఇది పెద్ద దవాఖానలోనే చేయాలి. ఒక్క పన్నుకు సాధారణంగా ఇంత అవసరం రాదు.

చిన్న మందుతో పని అయితే పెద్ద మందు ఎందుకు? ఎంచుకునేటప్పుడు ఇదే గుర్తు పెట్టుకోండి.

మత్తు ఇవ్వడం మగవాళ్ల పని అనుకోకండి. 1888, 1889లలో హైదరాబాదులో క్లోరోఫాం అనే మత్తుమందును పరీక్షించారు. నిజాం ప్రభుత్వం ఖర్చు పెట్టింది. లారీ అనే డాక్టరు నడిపించాడు. ఆ కాలంలోనే రూపాబాయి ఫర్దూన్‌జీ అనే డాక్టరమ్మ అక్కడ రోగులకు క్లోరోఫాం ఇచ్చేది. మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరిని కనిపెట్టి ఉండాలని లారీ గట్టిగా చెప్పేవాడు. ఆ మందు ప్రమాదమని తేలి తర్వాత పోయింది. ఊపిరి మీద కన్ను ఉంచాలన్న మాట మాత్రం నిలిచింది.

ఇప్పుడు దాచకూడని సంగతి ఒకటి. కల్లు తాగే అలవాటు ఉంటే డాక్టరుకు చెప్పండి. నిజామాబాద్ జిల్లాలో కల్తీ కల్లులో ఆల్‌ప్రాజోలం, డయాజెపాం కలిపిన కేసులు పట్టుబడ్డాయి. ఇవీ మత్తు గోలీలే. ఆ మత్తు మీద ఈ మత్తు పడితే ఊపిరికే ముప్పు. డాక్టరు దగ్గర సిగ్గు పడితే నష్టం మీకే. గర్భం ఉన్నా, పాలిస్తున్నా, బీపీ, షుగరు, ఆయాసం, గుండె జబ్బు ఉన్నా చెప్పండి. వాడే మందుల చీటీ వెంట తీసుకుపోండి.

ఎన్ని గంటలు తినకూడదో అడగండి. గోలి గాని, నరానికి సూది గాని తీసుకుంటే తోడు మనిషి ఉండాలి. ఆ రోజు పొయ్యి దగ్గరికి, పసుపు ఉడికే కడాయి దగ్గరికి పోవద్దు. బండి నడపవద్దు.

దవాఖానలో ఒక కాగితం ఇస్తారు. అది ఒప్పుకోలు పత్రం. ఒకప్పుడు అయితే వేలిముద్ర వేసి ఇచ్చేవారు. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. కూడబలుక్కుని అయినా చదవండి. తెలియని మాట ఉంటే అడగండి. ఏ మందు ఇస్తారు? ఎవరు ఇస్తారు? నా ఊపిరి ఎవరు చూస్తుంటారు? ఈ మూడింటికీ జవాబు రావాలి. మత్తు ఎక్కకముందే, తెలివి తేటగా ఉన్నప్పుడే సంతకం చేయండి.

అడగడం పొగరు కాదు. పన్ను మీది. ప్రాణం మీది. సంతకం కూడా మీదే.